తాతగారి సీసాలో పాదరసం, అందులో బంగారం ఉందంటున్నారు. ఏం చేయాలి?

బొబ్బిలి_వారసుడు (బొబ్బిలి)

అందరికీ నమస్కారం. మా తాతగారు కంసాలి పని చేసేవారు. ఆయన పోయాక పని గదికి తాళం వేసి ఉంచేశాం. ఇప్పుడు ఆ గది బాగుచేయించి, మా ఆవిడ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకోవడానికి ఇద్దామని తెరిచాం. గూట్లో పాత సిరా బుడ్డి లాంటి గాజు సీసా దొరికింది. లోపల పాదరసం. చూడ్డానికి చిన్నదే గానీ ఎత్తితే చెయ్యి కిందికి లాగేసింది. కాటా మీద పెడితే సీసాతో కలిపి కిలో పైచిలుకు తూగింది. పైన బూడిద రంగు పొర తేలుతోంది. సీసా కాస్త వంచితే అడుగున బఠాణీ గింజంత ముద్ద ఒకటి, వెన్నలా మెత్తగా, కదులుతోంది.

మా నాన్న "అది బంగారం తిన్న రసం, పారెయ్యకు" అంటున్నారు. యూట్యూబ్‌లో చూస్తే బాణలిలో పోసి కాలిస్తే రసం ఎగిరిపోయి బంగారం మిగులుతుందని చూపిస్తున్నారు. పెరట్లో గ్యాస్ స్టవ్ పెట్టి చేస్తే సరిపోతుందా? గాలి బాగానే ఆడుతుంది. పని తెలిసినవాళ్ళు చెప్పండి.

పలాస_జీడిపప్పు (పలాస)

ఏ బాణలి అన్నా? అల్యూమినియందైతే ముందు బాణలి పోద్ది, తర్వాత నువ్వు. పెద్దోళ్ళు వచ్చేదాకా స్టవ్ ముట్టించకు బావూ.

హట్టి_మాజీ (రాజాం)

బాబూ, స్టవ్ మాట మర్చిపోండి. నేను రాజాం వాణ్ణే. కర్ణాటకలో హట్టి బంగారు గనుల మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. ముందు మీ సీసాలో బంగారం ఎంత ఉండగలదో లెక్క చూద్దాం. కాల్చాలన్న ఉబలాటం సగం అక్కడే తగ్గుతుంది.

పాదరసం నీటికంటే 13.5 రెట్లు బరువు. గాజు బరువు తీసేస్తే మీ దగ్గర 900 గ్రాములు ఉందనుకుందాం. అంటే 67 మిల్లీలీటర్లు, అర గ్లాసు కూడా కాదు. మామూలు వేడిలో పాదరసం తనలో కరిగించుకోగల బంగారం దాని బరువులో నూటికి 0.13 వంతు మాత్రమే. ఆ 900 గ్రాములూ పట్టినంత బంగారం పట్టి ఉన్నా 1.2 గ్రాములు దాటదు. అంతకు మించి ఉన్న బంగారం కరగదు, పాదరసంతో కలిసి ముద్ద కట్టి అడుక్కి చేరుతుంది. మీరు చెప్పిన బఠాణీ అదే కావచ్చు. తోలులో వేసి గట్టిగా పిండిన ముద్దలో కూడా బంగారం సగానికి అటూ ఇటూ ఉంటుంది. పిండనిదాంట్లో ఇంకా తక్కువ. ముద్దకు 4 గ్రాముల బరువు వేసుకుంటే బంగారం గ్రామున్నర. రెండూ కలిపి 3 గ్రాముల లోపు. కాసుకు 8 గ్రాములు కదా, అందులో సగం కూడా రాదు.

అదీ అంతా బంగారమే అయితే. తాతగారు వెండి పని కూడా చేసి ఉంటే ఆ ముద్ద వెండిదైనా కావచ్చు. పాదరసం పట్టాక రెండూ తెల్లగానే ఉంటాయి, కంటితో తేల్చలేం.

పైన తేలే బూడిద పొరలో బంగారం ఏమీ ఉండదు. సీసం, తగరం, జింకు లాంటివి కలిసిన పాదరసానికి గాలి తగిలితే అలా పొర కడుతుంది. శుభ్రమైన పాదరసం గుండ్రంగా దొర్లుతుంది, మురికిది వెనక తోక వదులుతూ పోతుంది. ఇది చూద్దామని పళ్ళెంలో మాత్రం పొయ్యొద్దు.

బొబ్బిలి_వారసుడు

వివరంగా చెప్పారు, థాంక్స్ అండీ. కానీ 3 గ్రాములైనా ఇప్పటి ధరలో తక్కువేం కాదు కదా. తులం లక్ష దాటేసింది. పెరట్లో, గాలి వాలు చూసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని చేసినా కుదరదా?

డా_నాగావళి (శ్రీకాకుళం)

తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. దానికోసం ఏం పీల్చాల్సి వస్తుందో కూడా తెలుసుకుని అప్పుడు బేరం చూసుకోండి.

పాదరసం 357 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గ్యాస్ మంటకు అదో లెక్క కాదు. వచ్చే ఆవిరికి రంగు లేదు, వాసన లేదు, గొంతు మంట కూడా ఆ క్షణంలో తెలియదు. పొరపాటున పాదరసం చుక్క మింగితే పేగులు దాన్ని దాదాపు పీల్చుకోవు, అలాగే బయటికి పోతుంది. ఆవిరిగా పీలిస్తే మాత్రం అందులో 80 శాతం ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి పోతుంది. జనం మింగడానికి భయపడతారు, పీల్చడానికి భయపడరు.

కాల్చిన కొన్ని గంటలకు దగ్గు, ఛాతీ పట్టేయడం, జ్వరం, నోట్లో ఇనుము చప్పరించినట్టు రుచి. "వైరల్ ఫీవర్" అనుకుని పారాసెటమాల్ వేసుకుని పడుకుంటారు. 1989లో అమెరికాలోని మిషిగాన్ రాష్ట్రంలో ఒక ఇంట్లో పళ్ళకు నింపే పాత మిశ్రమంలోంచి వెండి తీద్దామని కొలిమి పెట్టి కరిగించారు. ఆ ఇంట్లో ఉన్న నలుగురు పెద్దవాళ్ళూ ఆసుపత్రిలో చేరారు. వైద్యం చేసినా కొన్ని వారాల్లోపే నలుగురూ చనిపోయారు. పాదరసాన్ని పట్టి మూత్రంలోకి పంపే మందులు ఉన్నాయి, నిజమే. కాలిపోయిన ఊపిరితిత్తిని అవి బాగుచేయవు.

ముక్కుకి గుడ్డ, సర్జికల్ మాస్క్, కోవిడ్ నాటి ఎన్95, ఏవీ ఈ ఆవిరిని ఆపవు. దుమ్ముని ఆపడం వేరు, వాయువుని ఆపడం వేరు. పాదరసానికని ప్రత్యేకంగా తయారుచేసిన కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. పెరడు కదా అంటారు. బాణలి మీదికి వంగి చూసేది మీరే, అరగంటకోసారి వాలు మార్చేది గాలి, గోడవతల ఉండేది పక్కింటివాళ్ళు.

మోడరేటర్

కాల్చే వీడియోల లింకులు రెండు పెట్టారు, తీసేశాం. మళ్ళీ పెట్టొద్దు. చర్చ కొనసాగించండి.

కుంపటి_ఆచారి (విజయనగరం)

వారసుడు బాబుకి ఆశీస్సులు. మీ తాతగారి కాలం పని నేను దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నా.

ఆ రసం ఊరికే ఉంచుకునేది కాదు. గుళ్ళల్లో రాగి కలశాలకీ, ఉత్సవ విగ్రహాల కవచాలకీ బంగారు పూత దాంతోనే వేసేవాళ్ళు. బంగారాన్ని పలచటి రేకుగా సాగగొట్టి, ముక్కలు చేసి, మూసలో (లోహం కరిగించే చిన్న పాత్రలో) వేడిగా ఉన్న రసంలో వేసి ఇనప కడ్డీతో కలిపేవాళ్ళు. అది నీళ్ళలో పోసి, తోలులో మూటగట్టి పిండితే పలచటి రసం బయటికి కారిపోయి ముద్ద మిగిలేది. రాగిని చింతపండుతో తోమి, ఆ ముద్ద రుద్ది, కుంపటి మీద కాస్తూ కుంచెతో సర్దుతూ ఉండాలి. రసం పోయేకొద్దీ తెలుపు తగ్గి మట్టి పసుపు తేలుతుంది. తర్వాత నున్నటి రాయితో మెరుగు పెట్టాలి. ఆ పూత తరాలపాటు ఉండేది, ఇప్పటి కరెంటు పూత దాని కాలిగోటికి సరిపోదు. ఈ ఒక్క విషయంలో నాకు పాతకాలం మీదే మమకారం.

కానీ ఆ పని చేసిన పెద్దల చేతులు వణికేవి. చిగుళ్ళు వాచి పళ్ళు కదిలేవి. సన్న తీగ పని చేయలేక చివరికి కరిగింపు పనికి మాత్రమే కూర్చునేవాళ్ళు. చిన్నదానికీ పెద్దదానికీ విసుక్కునేవాళ్ళు. మేం వయసు మీద పడింది అనుకునేవాళ్ళం.

పిండగా కారిన రసమే మళ్ళీ వాడటానికి సీసాలో పోసి దాచేవాళ్ళు. మీ సీసా అదే అయ్యుంటుంది. రాజాం మాస్టారు చెప్పిన లెక్క సరిగ్గా ఉంది. ముద్ద ఎవడూ సీసాలో వదిలిపెట్టడు బాబూ, కంసాలి రజను (బంగారపు పొడి) కూడా ఊడ్చి దాచుకుంటాడు. ఆ బఠాణీ పిండగా తోలులోంచి జారినదో, చల్లారాక పేరుకున్నదో అయ్యుంటుంది.

డా_నాగావళి

ఆచారి గారు చెప్పిన వణుకు, చిగుళ్ళ వాపు, చిరాకు, మూడూ కలిసి ఉంటే అది పాఠ్యపుస్తకంలో ఉన్న పాదరస విషమే. తక్కువ మోతాదు, ఏళ్ళ తరబడి. మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి.

పలాస_జీడిపప్పు

డాక్టరు గారూ, మూత్రపిండాలు అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా ఉద్దానం జబ్బుకీ దీనికీ లింకు ఏమైనా ఉందా?

డా_నాగావళి

ఆ లింకు పెట్టకండి. పాదరసం కిడ్నీని పాడుచేస్తుందన్నది నిజం. ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఫలానాదే కారణమని ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా తేలలేదు. ఫోరంలో ఒక ముక్క రాస్తే రేపు వాట్సాప్‌లో అదే నిజమై తిరుగుతుంది.

కొత్త_సభ్యుడు_77 (పార్వతీపురం)

కాల్చకుండా నైట్రిక్ యాసిడ్‌లో వేస్తే పాదరసం కరిగిపోయి బంగారం మిగులుతుంది కదా. మా ఫ్రెండ్ చెప్పాడు. ఇంకో డౌట్. పాత రేడియోల్లో, కుట్టు మిషన్లలో ఎర్ర పాదరసం ఉంటుందని, కోట్లలో కొంటామని ఇక్కడ కొందరు తిరుగుతున్నారు. ఈ సీసా కూడా వాళ్ళకి చూపిస్తే?

అరసవల్లి_కెమిస్ట్రీ (శ్రీకాకుళం)

రెండో దానికి ముందు జవాబు. ఎర్ర పాదరసం అనే పదార్థమే లేదు. 2009లో సౌదీలో ఇదే పుకారు లేచి జనం పాత సింగర్ కుట్టు మిషన్లని ఎగబడి కొన్నారు. మన దగ్గర రైస్ పుల్లింగ్ చెంబు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఎర్రగా ఉండేది ఇంగిలీకం, అంటే పాదరసం గంధకం కలిసిన ఖనిజం. అది కోట్లు చేయదు.

పాదరసాన్ని బంగారం చేసి చూపించే స్వాముల కిటుకు కూడా ఇక్కడే ఉంది. ముందే బంగారం కలిపిన తెల్లటి ముద్ద తెచ్చి మన కళ్ళముందు కాలుస్తారు. పాదరసం ఎగిరిపోతుంది, లోపలున్న బంగారం పచ్చగా బయటపడుతుంది. నిజం బంగారమే కాబట్టి గీటురాయి మీద పరీక్షించినా నిలుస్తుంది. చూసినవాడు రేపు డబ్బు సంచీతో వస్తాడు.

ఇక యాసిడ్. మీ ఫ్రెండ్ చెప్పిన కెమిస్ట్రీ తప్పు కాదు. నత్రికామ్లం పాదరసాన్ని కరిగిస్తుంది, బంగారం జోలికి పోదు. వెండి ఉంటే మాత్రం అది కూడా కరిగిపోతుంది. అయితే కరిగేటప్పుడు ఎర్రటి గోధుమరంగు పొగ వస్తుంది. ఊపిరితిత్తులకు అదొక దెబ్బ, పైగా దాని ప్రభావం కొన్ని గంటలు ఆలస్యంగా తెలుస్తుంది. అదంతా దాటినా చేతిలో మిగిలేది ఏమిటి? ఇప్పుడు సీసాలో కుదురుగా కూర్చున్న లోహం, యాసిడ్ పోశాక బకెట్టెడు విషపు నీళ్ళు. ఆ లవణాలు చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతాయి. ఆ బకెట్టు ఎక్కడ పారబోస్తారు? బొబ్బిలి కాలువలో పోస్తే వేగావతి, అక్కణ్ణించి నాగావళి, చివరికి సముద్రం. నీటి అడుగు బురదలో ఉండే బాక్టీరియా పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది. చిన్న చేపని పెద్ద చేప, దాన్ని ఇంకో చేప తింటూ పోయేకొద్దీ ఆ విషం పోగుపడుతుంది. జపాన్‌లో మినమాటా ఊళ్ళో 1956లో బయటపడ్డ జబ్బుకు మూలం ఆ మిథైల్ పాదరసమే, అక్కడ ఒక ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన వ్యర్థాలు. ఆ ఊరి పేరుమీదే 2013లో అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది, మన దేశం 2018లో ఆమోదించింది.

మా కాలేజీ ల్యాబులో అయినా ఈ ప్రయోగం నేను చేయనివ్వను.

బొబ్బిలి_వారసుడు

సరే, కాల్చడం లేదు, యాసిడ్ లేదు. ఇంకో విషయం. నిన్న సీసా పెట్టిన బల్ల మా ఆవిడ తడిగుడ్డతో తుడిచింది. సాయంత్రానికి ఆవిడ పెళ్ళి ఉంగరం ఒకవైపు వెండిలా తెల్లబడింది. సబ్బుతో రుద్దినా పోవడం లేదు. ఇదేంటి?

కుంపటి_ఆచారి

ఉంగరం వెంటనే తీయించి మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి బాబూ. రసం తగిలింది. బల్ల మీద రసం చుక్కలు ఉన్నాయన్నమాట, మీ కంటికి ఆనలేదు.

హట్టి_మాజీ

ఉంగరం మీకు మంచి కబురే చెప్పింది. ఇప్పటిదాకా మనం సీసా గురించి మాట్లాడుకుంటున్నాం. నా దృష్టిలో అసలు సమస్య సీసా కాదు, గది.

ఆలోచించండి. సీసాలో ఉన్నది మూత వేసి ఉంది, ఎంతుందో తెలుసు. ఆ గదిలో ఎన్నో ఏళ్ళు కుంపటి మీద పాదరసం కాల్చారు. ఆవిరి చల్లబడ్డచోటల్లా, అంటే కుంపటి పైన దూలాల మీద, పెంకుల కింద, గోడ పగుళ్ళలో, సన్న బిందువులుగా పేరుకుని ఉంటుంది. చేయి జారి పడ్డది నేలలోకి దిగి ఉంటుంది. నేల ఎలాంటిది? మట్టి నేలా, గచ్చా, నాపరాళ్ళా?

20 డిగ్రీల దగ్గర మూసిన గదిలో గాలి పట్టగలిగినంత పాదరసం పడితే ఘనపు మీటరుకు 13 మిల్లీగ్రాములు ఉంటుంది. 30 డిగ్రీలకు దాదాపు 30. ప్రతి పది డిగ్రీలకీ రెట్టింపు అనుకోండి. మన వేసవిలో పెంకుటిల్లు ఎంత వేడెక్కుతుందో చెప్పక్కర్లేదు. పనిచేసే చోట ఎనిమిది గంటలకు చాలామంది పెట్టుకునే హద్దు 0.025 మిల్లీగ్రాములు. తలుపులు తీసి ఉన్న గదిలో గాలి ఆ గరిష్ఠానికి చేరదు గానీ హద్దుకి వంద రెట్లు కింద ఉందా, పైన ఉందా అన్నది కొలిస్తేనే తెలుస్తుంది. పాదరసపు ఆవిరిని కొలిచే చేతి మీటర్లు ఉంటాయి. వాసన చూసి చెప్పే విద్య ఎవరికీ లేదు.

ఆ గదిలో పిల్లల్ని కూర్చోబెట్టడం మాత్రం ఆపండి. గోడలు గీకించడం, సున్నం వేయించడం, నేల తవ్వించడం, అన్నీ ఆపండి.

బొబ్బిలి_వారసుడు

నేల మట్టిదే, పైన నాపరాళ్ళు పరిచారు, సందులు ఉన్నాయి. టెన్షన్ పెట్టేశారు మాస్టారూ. మొన్న ఒకాయన వచ్చి "ఆ నేల మట్టి తవ్వుకుపోతాం, డబ్బులిస్తాం" అన్నాడు. కంసాలి గదుల మట్టి కొంటారట. అది మంచి బేరమే అనుకున్నా.

కుంపటి_ఆచారి

మట్టి కొనేవాళ్ళు అన్ని కంసాలి బజార్లకీ వస్తారు. అబద్ధం కాదు, ఆ మట్టిలో రజను ఉంటుంది. వాళ్ళు కాలువ గట్టున కూర్చుని పళ్ళెంలో మట్టి కడిగి, బరువైనది అడుక్కి చేరాక దాంట్లో రసం పోసి పిసుకుతారు. రసం బంగారాన్ని పట్టుకుంటుంది. గుడ్డలో పిండి, మిగిలిన ముద్దని చిన్న మూసలో పెట్టి ఊదుగొట్టంతో కాలుస్తారు. ఆ ముద్ద మీదికి మొహం పెట్టి. చాలాసార్లు పక్కన చంటిపిల్ల కూడా ఉంటుంది.

మీ మట్టి అమ్మితే మీ చేతికి నాలుగు డబ్బులు వస్తాయి, ఆ రసం ఇంకొకరి గుడిసెలో ఆవిరవుతుంది. మీ ఇష్టం, నేను పెద్దరికం చేయను. కానీ మీ నేలలో ఇప్పటికే రసం ఉందని ఆయనకి చెప్పి అమ్మండి, చెప్పకుండా మాత్రం వద్దు.

హట్టి_మాజీ

ఆచారి గారు చెప్పిన పద్ధతే దక్షిణ అమెరికాలో, ఆఫ్రికాలో, ఇండోనేషియాలో చిన్న చిన్న బంగారు గనుల్లో నడుస్తోంది. ఐక్యరాజ్యసమితి 2018 లెక్క ప్రకారం మనుషుల వల్ల గాలిలోకి పోయే పాదరసంలో మూడో వంతుకు పైగా ఈ పనివల్లే. బొగ్గు కాల్చడం వల్ల పోయేది దాని తర్వాతే.

మిల్లుల్లో అయితే మూసిన ఇనప పాత్రలో వేడి చేస్తారు. ఆవిరి గొట్టంలోంచి పోతూ నీళ్ళతో చల్లబడి మళ్ళీ ద్రవమై తొట్టిలో పడుతుంది. బంగారం లోపల స్పాంజిలా మిగులుతుంది. ఇనుము ఎందుకంటే పాదరసం ఇనుముతో కలవదు. చెప్పడానికి తేలికే. అతుకు దగ్గర చిన్న సందు ఉన్నా, గొట్టం మూసుకుపోయినా, చల్లారకముందే మూత తీసినా అయిపోయింది. మూత తీసే వేళకి కూడా ఆ గదిలో గాలి లాగే ఏర్పాటు, బొగ్గు ఫిల్టర్లు, కొలిచే మీటరు ఉండాలి. ఇవన్నీ పెట్టుకుని 3 గ్రాములు తీసేవాడు ఎవడూ ఉండడు. నెట్‌లో రిటార్టులని అమ్మే ఇలాంటి చిన్న పాత్రలు కొనొద్దు, అది చెప్పడానికే ఇంత రాశాను.

గరివిడి_సేఫ్టీ (గరివిడి)

ఫెర్రో అల్లాయ్స్ వైపు సేఫ్టీ పని చేశాను. వారసుడు తమ్ముడికి చేతిలో పని చెప్తాను.

సీసాలోంచి వేరే సీసాలోకి పొయ్యొద్దు. ఉంగరం, వాచీ, గాజులు తీసేసి, నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, అంచులున్న ప్లాస్టిక్ ట్రేలో సీసాను నిలబెట్టు. మూత బిరడా అయితే దానిమీదే టేపు చుట్టు. ఆ సీసాను మరమూత ఉన్న మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చుట్టూ పొడి ఇసుక దట్టించు. గాజు పగిలినా రసం డబ్బాలోనే ఉండాలి. అల్యూమినియం డబ్బా, ఇత్తడి డబ్బా వద్దు. డబ్బా మీద "పాదరసం, విషం, తెరవొద్దు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయి. ఇంట్లో కాకుండా నీడలో, తాళం ఉన్న చోట పెట్టు.

ఆ బల్ల. ఫ్యాను ఆపి, కిటికీలు తీసి, పిల్లల్ని పంపేసి, టార్చిలైటు పక్కవాటంగా కొట్టు. చుక్కలు మెరుస్తాయి. గట్టి అట్టముక్కతో ఒకచోటికి తోసి, సూది తీసేసిన సిరంజితో లాగు. మిగిలిన నలకలకి ప్యాకింగ్ టేపు అద్దు. అట్ట, టేపు, సిరంజి, గ్లవ్స్, మీ ఆవిడ తుడిచిన గుడ్డ, అన్నీ ఒక సీసాలో వేసి మూత పెట్టు. ఆ గుడ్డ వాషింగ్ మిషన్‌లో పడకూడదు. చీపురు వేస్తే ఒక చుక్క వెయ్యి చుక్కలవుతుంది, వాక్యూమ్ క్లీనర్ పెడితే వేడి గాలితో ఇల్లంతా చల్లుతుంది.

నేల సందుల జోలికి నువ్వు పోకు.

అరసవల్లి_కెమిస్ట్రీ

చాలామంది గంధకం పొడి చల్లితే సరి అంటారు, దాని సంగతి కూడా. గంధకం పాదరసాన్ని పట్టి నల్లటి సల్ఫైడ్ చేస్తుంది, అది ఆవిరి కాదు. అయితే ఊరికే చల్లితే పై పొర మీదే పట్టి ఆగిపోతుంది. ఆయుర్వేదంలో కజ్జలి చేసేవాళ్ళు రెండిటినీ కల్వంలో వేసి గంటల తరబడి ఎందుకు నూరతారనుకున్నారు? చల్లడం చుక్కలు ఎక్కడున్నాయో కనిపెట్టడానికి పనికొస్తుంది, పని పూర్తయిందనుకోవడానికి కాదు.

గుర్ల_అమ్మ (గుర్ల)

మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. మా బాబు పాత జ్వరం థర్మామీటరు పగలగొట్టాడు. ఇది చదివి భయమేస్తోంది. ఇల్లు ఖాళీ చెయ్యాలా?

డా_నాగావళి

వద్దమ్మా, కంగారు పడకండి. జ్వరం థర్మామీటరులో ఉండేది ఒక గ్రాము అటూ ఇటూ. గరివిడి ఆయన బల్లకి చెప్పినట్టే తీసి, మూత పెట్టి, గదికి రెండు మూడు రోజులు బాగా గాలి తగలనివ్వండి. పరుపు మీదో తివాచీ మీదో పడితే ఆ ముక్క వదులుకోండి. బాబు మింగి ఉంటాడని భయం వద్దు, గాజు పెంకు గుచ్చుకుందేమో మాత్రం చూడండి. బీపీ చూసే పాత పాదరసం పెట్టె పగిలితే సంగతి వేరు. అందులో 100 గ్రాముల దాకా ఉంటుంది.

వారసుడు గారూ, మీరూ మీ ఆవిడా గది తెరిచినప్పటి నుంచి అక్కడ ఎక్కువ సేపు ఉన్నారు కాబట్టి మూత్రంలో పాదరసం పరీక్ష చేయించుకోండి. మామూలు ల్యాబులు శాంపిల్ బయటికి పంపుతాయి. ఫలితం వచ్చేదాకా ఏ "డిటాక్స్" మందూ వేసుకోవద్దు. తాతగారితో ఆ గదిలో పెరిగిన మీ నాన్నగారి చేతిరాత ఎలా ఉందో చూడండి. కాగితం మీద ఒక సుడి గీయమనండి, వణుకు ఉంటే గీత చెబుతుంది.

బొబ్బిలి_వారసుడు

నాన్న సుడి బాగానే గీశారు. గీసి "నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నావా" అని తిట్టారు. పరీక్షకి ఇద్దరం శాంపిల్స్ ఇచ్చాం.

ఇప్పుడు డబ్బా ఎవరికివ్వాలి? వైజాగ్ తీసుకెళ్ళమంటే బస్సులో పట్టుకెళ్ళిపోతా.

గరివిడి_సేఫ్టీ

బస్సులో వద్దు తమ్ముడూ, కొరియర్‌లో అసలే వద్దు.

కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి కాగితం మీద దరఖాస్తు పెట్టు. ఏముంది, బరువు ఎంత, ఎలా వచ్చింది, ఎలా భద్రం చేశావు, ఫోటోలు. నేలలో కూడా ఉందన్న అనుమానం విడిగా రాయి, గదిలో కొలిపించమని అడుగు. ప్రమాదకర వ్యర్థాలకి 2016 నిబంధనలు ఉన్నాయి. మన వైపు ఫ్యాక్టరీల అలాంటి సరుకంతా పరవాడలో ఉన్న శుద్ధి కేంద్రానికి పోతుంది, లైసెన్సు ఉన్న బండిలో, చలానా కాగితాలతో. నీ డబ్బా కూడా ఆ దారిలోనో, పాదరసం శుద్ధి చేసే అనుమతి ఉన్నవాళ్ళ దగ్గరికో పోవాలి. ఏ దారి అన్నది మండలి వాళ్ళు చెబుతారు. ఇంట్లో పగిలిన థర్మామీటర్లు, సీఎఫ్‌ఎల్ బల్బుల లాంటివి మున్సిపాలిటీ విడిగా తీసుకోవాలని ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. గుర్ల అమ్మగారు ఆ మాట పట్టుకుని అడగొచ్చు. కిలో పాదరసం మాత్రం మున్సిపాలిటీ బండిలో వెయ్యకు.

మీ నాన్నకి బంగారం మీద ఆశ ఉంటే దరఖాస్తులోనే ఒక వాక్యం రాయి, "ఇందులో బంగారం ఉండవచ్చు" అని. పాదరసం శుద్ధి చేసేవాళ్ళు ఎలాగూ మూసిన యంత్రంలో మరిగించి తీస్తారు. అడుగున మిగిలేది ఎవరిది, ఖర్చు పోను ఏమైనా ఇస్తారా అన్నది ముందే మాట్లాడుకోవచ్చు. నువ్వే ఎదురు ఖర్చు పెట్టుకోవాల్సి రావచ్చు, దానికీ సిద్ధంగా ఉండు.

కొత్త_సభ్యుడు_77

అంటే బంగారం పోయినట్టేనా?

హట్టి_మాజీ

పోలేదు, ఎవరి చేతిలో పడాలో వాళ్ళ చేతిలో పడుతుంది.

బొబ్బిలి_వారసుడు

దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నాను. డబ్బా ఇసుకలో పెట్టి పెరటి కొట్టులో తాళం వేశాను. గది కిటికీలు తీసి, ఇంటివైపు తలుపు సందులకి టేపు కొట్టేశాం. ట్యూషన్లు వీధి అరుగు మీదే. మట్టి కొనే ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు, అందులో పాదరసం ఉందని చెప్పాను. "ఉంటే ఇంకా మంచిది, మాకు రసం ఖర్చు కలిసొస్తుంది" అన్నాడు. అమ్మనని చెప్పేశాను.

ఆచారి గారూ, ఒక్కటే మిగిలింది. ఉంగరం. మా ఆవిడ రోజూ అడుగుతోంది.

కుంపటి_ఆచారి

బజార్లో ఎవరికిచ్చినా కుంపట్లో ఒక్క కాపు కాచి, తెలుపు పోగొట్టి, మెరుగు పెట్టి ఇచ్చేస్తారు బాబూ. చిన్న పనే. ఆ కాపులో లేచే ఆవిరి ఆ కుర్రాడు పీలుస్తాడు. కాబట్టి రసం తగిలిందని నోరు తెరిచి చెప్పండి. పొగ బయటికి లాగే హుడ్డు ఉన్న కరిగింపు కేంద్రంలోనే ఇవ్వండి, ఇప్పుడు విజయనగరంలో కూడా హుడ్లు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. రసం బాగా లోపలికి దిగి ఉంటే ఉంగరం పెళుసుబారి అతుకు దగ్గర విరుగుతుంది. అప్పుడు దాన్ని సరిచేయొద్దు, కరిగించి కొత్తది చేయించడమే. తరుగు కాస్త పోతుంది, అది అమ్మాయికి ముందే చెప్పండి, లేకపోతే కంసాలిని అంటారు.